వదిలేసిన మడి

మా అక్క స్థిమితంగా కూర్చోగా చూసినవాళ్లెవరైనా ఉంటే నా ముందుకు రమ్మనండి. కుర్చీ వేస్తే అంచున కూర్చుంటుంది, అదీ ఎవరి కోసమో లేవడానికి సిద్ధంగా. అన్నం తింటూ తింటూ పక్కవాళ్ల గ్లాసులో నీళ్లు అడుగంటాయని లేస్తుంది. ఎవరింటికైనా వెళ్తే గోడ మీది పటం వంకర సరిచేసిగానీ కాఫీ ముట్టుకోదు. చిన్నప్పుడు మా అమ్మ తనని తూనీగ అని పిలిచేది. జుట్టు నెరిసింది, మోకాళ్ల నొప్పులొచ్చాయి, ఆ పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

అన్నిటికన్నా పెద్ద జబ్బు ఖాళీ. ఎక్కడ ఖాళీ కనిపించినా అక్కకి ఊపిరాడదు. అలమరలో డబ్బాల మధ్య సందు ఉంటే జరుపుతుంది. బస్సులో మధ్య సీటు ఖాళీగా ఉంటే అటూ ఇటూ కూర్చున్నవాళ్లని జరగమంటుంది. ఇక తన స్ట్రాబెర్రీ తోటలో ఒక మొక్క చచ్చి బోదె మీద ఖాళీ పడిందంటే ఆ పూట ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. దానికోసమే షెడ్డు వెనక నీడలో ప్లాస్టిక్ కప్పుల్లో మారు మొక్కలు పెంచి పెట్టుకుంటుంది. తోటలో నాట్లు వేసిన రోజే కప్పుల్లోనూ నాటుతుంది కాబట్టి వాటికీ వీటికీ వయసులో తేడా ఉండదు. చచ్చినదాన్ని పీకడం, కప్పులోంచి ఇంకోటి తీసి అక్కడ పెట్టడం, మట్టి అదిమి కాసిని నీళ్లు పోయడం, ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. మా బావని కూడా ఆ పని ముట్టుకోనివ్వదు. "మీ అక్క తోటలో చావు కనపడదురా" అని పక్క పొలాలవాళ్లు అంటే నాకు చిరాకేసేది గానీ, తను మాత్రం తెగ మురిసిపోయేది.

నేను గ్యాస్ బండి తోలేవాణ్ణి. అది వంటగ్యాస్ కాదు. మొక్కలు నాటేముందు మట్టిలోకి ఎక్కించే గ్యాస్, మిథైల్ బ్రోమైడ్ అని దాని అసలు పేరు. ట్రాక్టర్ వెనక గొర్రు లాంటిది దుక్కిలోకి దిగి గ్యాస్ వదులుతూ పోతుంది, దాని వెనకే ప్లాస్టిక్ పట్టా పరుచుకుంటూ వస్తుంది, మనుషులు రెండు పక్కలా పట్టా అంచుల మీద మట్టి కప్పుతారు. ఎండు తెగులు, పురుగు, కలుపు గింజ, మంచీ చెడ్డా అన్నీ కలిపి ఊడ్చిపెట్టేస్తుంది. దానికి వాసన ఉండదు. మనిషికి తెలియాలని కళ్లు మండించే ఇంకో గ్యాస్ కలుపుతారు. పొలం పని అయ్యాక అది ఊరికే పోదు, పైకి పోయి ఓజోన్ పొరని పలచబరుస్తుందట. అందుకని దేశాలన్నీ కూర్చుని దీన్ని మానేద్దామనుకున్నాయి. వేరే దారి లేని పంటలకి మాత్రం కొంత గడువిచ్చాయి. స్ట్రాబెర్రీ వాటిలో ఒకటి. ఆ వేరే దారేదో వెతకడానికి ఏటా ఒక సదస్సు పెడతారు.

అక్కకి సదస్సులతో పనేంటని మీకు అనుమానం రావచ్చు. కొన్నేళ్ల కిందట తన పొలంలోనే నేను బండి తోలుతున్నాను. గాలి లేచి పట్టా ఎగిరింది, ఏదో కొయ్య తగిలి బారున చిరిగింది. కళ్లు మండగానే మనుషులందరూ గాలికి ఎదురుగా పరిగెత్తారు. అక్క ఒక్కతే చిరుగు వైపు పరిగెత్తింది. బోర్లా పడి రెండు చేతులతో ఆ చిరుగు మూసి, కాళ్లతో మట్టి తోస్తోంది. నేను బండి ఆపి, దూకి, రెక్క పట్టుకుని ఈడ్చుకొచ్చాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆసుపత్రిలో చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది, నిలబడితే పడిపోతోంది. నాకు ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది.

"అందరూ ఎటు పోతే నువ్వు అటు పోవచ్చుగా అక్కా! ఏం పుట్టింది నీకు?"

"చిరిగిందిరా. చూస్తూ చూస్తూ ఎలా వదిలేస్తాను?"

నెలలు పట్టింది మళ్లీ నడవడానికి. ఇప్పటికీ వేళ్ల కొనలకి స్పర్శ తెలియదు, కుడికాలు కొంచెం ఈడుస్తుంది. డాక్టరు నిర్మొహమాటంగా చెప్పేశాడు. ఇంకోసారి ఆ గాలి తగిలితే మనిషి దక్కదు, గ్యాస్ వేసే రోజుల్లో ఆ చుట్టుపక్కల ఉండటానికే వీల్లేదు అన్నాడు. అక్కావాళ్ల ఇల్లు పొలంలోనే ఉంది. నాలుగు వైపులా స్ట్రాబెర్రీ తోటలే, అన్నింట్లోనూ గ్యాసే.

ఏటా ఆ గ్యాస్ రోజుల్లో అక్కని టౌన్లో మా ఇంట్లో దాచేవాళ్లం. మొదటి ఏడాది వచ్చిన మర్నాటికల్లా మా వంటిల్లు మొత్తం తారుమారు చేసింది. ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియక మా ఆవిడ నా మీద విరుచుకుపడింది. బావ మెల్లగా టౌన్లో ఒక ఫ్లాటు చూసి పెట్టాడు. మూడో అంతస్తు, బాల్కనీ కూడా లేదు. మా బావ మంచివాడే గానీ నోట్లోంచి మాట రాలాలంటే పక్కన నిలబడి అడగాలి. అడిగితే అన్నాడు, "గ్యాస్ ఉన్నంతకాలం ఈ పొలంలో మీ అక్క ఉండలేదు. గ్యాస్ లేకపోతే మొక్క ఉండదు. ఇంకేం చేస్తాం?"

నేనూ అక్కా వెళ్లి ఆ ఫ్లాటు చూశాం. అక్క గదులన్నీ తిరిగింది, కిటికీలోంచి కిందికి చూసింది. "మట్టి ఎక్కడుందిరా?" అని అడిగింది. గ్యాస్‌కి బదులు ఇంకేదైనా దొరికితే అక్క పొలంలో ఉంటుంది. లేదంటే ఈ నాలుగు గోడల మధ్యకి రావాలి. ఇక్కడ ఆ చేతులు ఏం చేస్తాయో తలచుకుంటేనే నాకు గుబులేసింది.

అలా మొదలైంది సదస్సుల తిరుగుడు. తీసుకెళ్లేవాణ్ణి నేనే. వెళ్లగానే మెడలో ఒక అట్టముక్క వేస్తారు, చేతిలో ఒక గుడ్డసంచి పెడతారు, చలి గదిలో కూర్చోబెడతారు. ఒకాయన వచ్చి మట్టికి ఆవిరి పట్టాలంటాడు. ఇంకొకాయన వచ్చి మండుటెండలో పట్టా కప్పి వదిలేస్తే చాలంటాడు. ఆవాల పిండి కలిపి దున్నమనేవాడొకడు, ఈ గ్యాస్ బదులు ఆ గ్యాస్ వాడమనేవాడొకడు. అందరూ చివర్లో ఒకే మాట, ఇంకా పరిశోధన జరగాలి. ఆ మాట వచ్చినప్పుడల్లా అక్క నా తొడ గిల్లేది. వాళ్లు చెప్పినదాంట్లో అక్కకి సగం అర్థమయ్యేది కాదు, నాకు ముప్పావు అర్థమయ్యేది కాదు.

అక్కడా కుదురుగా ఉండేది కాదు. వేదిక మీది కుండీల్లో మొక్కలు వాడిపోయాయని తన సీసాలో నీళ్లు తీసుకెళ్లి పోసింది, మైకు ముందున్న పెద్దమనిషి ప్రసంగం ఆపి మరీ చూశాడు. వరుస మధ్యలో కుర్చీలు ఖాళీగా ఉంటే వచ్చినవాళ్లందరినీ లోపలికి జరిపించేది. ఆమె ఇక్కడ పనిచేసే మనిషే కాబోలనుకుని జనం బుద్ధిగా జరిగేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టయ్యేది.

అలాంటి ఒక సదస్సులోనే తవుడు మేడమ్ కనిపించింది. మొక్కల తెగుళ్ల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త ఆవిడ. మట్టిలో తవుడు కలిపి, పట్టా కప్పి, నిండా నీళ్లు పెట్టి కొన్ని వారాలు వదిలేస్తే, లోపల గాలి ఆడక తెగులు చచ్చిపోతుందని చెప్పింది. అందుకని మేం ఆ పేరు పెట్టాం. మామూలు మనుషులకి అర్థమయ్యేలా మాట్లాడింది ఆవిడొక్కతే. ఆవిడ మెట్లు దిగకముందే అక్క కాలు ఈడ్చుకుంటూ వేదిక దగ్గరికి పరుగెత్తింది.

"మేడమ్, మా పొలంలో వెయ్యండి. ఎంత కావాలంటే అంత తీసుకోండి. గ్యాస్ లేదు కదా ఇందులో?"

"చుక్క కూడా లేదమ్మా."

"అయితే రేపే రండి."

రేపు రాలేదు గానీ నాట్ల ముందు వచ్చింది. పొలంలో రెండు మళ్లు పక్కపక్కనే కొలిచి గుర్తులు పెట్టించింది. ఒకదాంట్లో తవుడు. రెండోదాంట్లో గ్యాసూ లేదు, తవుడూ లేదు, ఏమీ లేదు. ఏమీ చేయకపోతే ఎన్ని చస్తాయో తెలిస్తేనే తవుడు ఎంత కాపాడిందో తెలుస్తుందట. గ్యాస్ వేసిన మడి పక్కాయన పొలంలో ఎలాగూ ఉంది. రెండోదానికి మా ఇంట్లో వదిలేసిన మడి అని పేరు పడింది. వెళ్తూ వెళ్తూ మేడమ్ అక్క చేతులు పట్టుకుని మరీ చెప్పింది.

"ఒక్కటే మాటమ్మా. రెండిటినీ ఒకేలా చూసుకోండి. మీరు మామూలుగా తోటని ఎలా చూసుకుంటారో అలాగే. ఒకదాన్ని ముద్దు చేసి ఇంకోదాన్ని అలుసు చేయకండి."

"అయ్యో, నాకు అలాంటి తేడాలుండవు మేడమ్" అంది అక్క.

ఆ ఏడాది తవుడు కుళ్లిన వాసనకి పక్క పొలాలవాళ్లు ముక్కు మూసుకుని తిరిగారు. అక్కకి మాత్రం ఆ కంపు అత్తరులా ఉండేది. పట్టా తీశాక నాట్లు పడ్డాయి. నేను బండితో వేరే ఊళ్ల మీద పడ్డాను. మేడమ్ నెలకోసారి వచ్చి బతికున్న మొక్కలు లెక్కపెట్టుకుని పోయేది. ఒకసారి నేనూ అక్కడే ఉన్నాను. లెక్క ముగించి లేచిన మేడమ్ మొహం వేలాడిపోయింది.

"రెండూ ఒకేలా ఉన్నాయేంటమ్మా?" అంది.

"చూశారా! రెండూ ఎంత కళకళలాడుతున్నాయో" అంది అక్క.

మేడమ్ నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో నాకూ అప్పుడు తట్టలేదు.

సదస్సు వచ్చింది. సాయంత్రం కమిటీ కూర్చుని స్ట్రాబెర్రీకి గ్యాస్ బదులు పనికొచ్చే పద్ధతులేవో తేలుస్తుంది. ఒక్కటీ తేలకపోతే గ్యాస్‌కి మళ్లీ గడువు అడుగుతుంది. ఈసారి బావని కూడా వెంటబెట్టుకుని వెళ్లాం. అక్క పొద్దుటినుంచి నీళ్లు కూడా తాగలేదు. మేడమ్ వేదికెక్కింది. తెర మీద రెండు గీతలు వచ్చాయి, ఒకటి తవుడు మడిది, ఒకటి వదిలేసిన మడిది. రెండూ ఒకదాన్నొకటి అంటుకుని నడుస్తున్నాయి.

"ఈ ఫలితాన్ని బట్టి తవుడు వల్ల ప్రయోజనం ఉందని నేను చెప్పలేకపోతున్నాను" అంది మేడమ్. ఆ మాట చెప్పడానికి ఆవిడకి ఎంత కష్టమైందో గొంతే చెప్పింది.

ముందు వరుసలో గ్యాస్ కంపెనీ తరఫున వచ్చిన టై ఆయన వెనక్కి వాలి, "అంటే వేసినా ఒకటే, వేయకపోయినా ఒకటే. తవుడు పశువులకే పెట్టుకోవచ్చన్నమాట" అన్నాడు. జనం నవ్వారు. టీకి లేచారు.

అక్క నా చొక్కా పట్టుకుని వరండాలోకి లాగింది.

"అదేంట్రా అలా అంటుంది? తవుడు మడిలో చావే లేదు కదా! ఒకటో అరో. నేను నాటిందంతా వదిలేసిన మడిలోనేగా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"ఏం నాటావు?"

"ఖాళీలురా. ఎప్పుడూ నాటేవే. ఆ మడిలో మరీ ఎక్కువ చచ్చాయి పాపం. కప్పులన్నీ అయిపోతే పక్కాయన దగ్గర కూడా తెచ్చా."

నేను నెత్తి కొట్టుకున్నాను. నిజంగానే కొట్టుకున్నాను, పక్కన టీ తాగుతున్నవాళ్లు తిరిగి చూశారు. "అవి చావాలి అక్కా! చస్తేనే కదా తవుడు గెలిచేది! నువ్వు చచ్చినదాన్నల్లా లేపి నిలబెడితే ఆవిడ ఏం లెక్కపెడుతుంది, నీ మొహమా?"

"మామూలుగా ఎలా చూసుకుంటావో అలాగే చూసుకోమంది కదరా. నీ ముందే చెప్పింది."

అదీ నిజమే. మొక్క చస్తే పీకి ఇంకోటి పెట్టే మనిషి ఉంటుందని మేడమ్ అనుకోలేదు. పెట్టని మనిషి ఉంటుందని అక్క అనుకోలేదు. నా కోపం ఎటు పోవాలో తెలియక బావ మీదికి పోయింది.

"నువ్వు చూశావు కదా బావా! ఒక్క ముక్క చెప్పొద్దూ?"

"నన్నెవరూ అడగలేదుగా" అన్నాడు బావ.

ఆయన్ని అక్కడే గోడకేసి కొట్టాలనిపించింది. అక్క మాత్రం మా ఇద్దరి మాటా వినడం లేదు. తన చేతుల వైపు చూసుకుంటోంది. "నా ఇల్లు నేనే పీకేసుకున్నానురా" అంది. ఆ గొంతు విన్నాక నాకు ఇంకేం అరవబుద్ధి కాలేదు. అప్పటికప్పుడు అక్క లోపలికి నడిచింది, నేను వెనకే.

తరువాతి మనిషి మాట్లాడబోతున్నాడు. అక్క ఆయన చేతిలోంచి మైకు తీసేసుకుంది.

"మేడమ్ చెప్పింది అబద్ధం. అంటే ఆవిడ అబద్ధం చెప్పలేదు, నా వల్ల అబద్ధమైంది. వదిలేసిన మడిలో మొక్కలన్నీ చచ్చాయండి. నేనే కొత్తవి పెట్టాను, మళ్లీ చచ్చాయి, మళ్లీ పెట్టాను. పెట్టకూడదని నాకు తెలీదు. తవుడు పనిచేసింది. దయచేసి దాన్ని కొట్టేయకండి."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. మేడమ్ మాత్రం రెండు చేతులతో మొహం కప్పుకుంది. బయటికి వచ్చాక అక్క మీద అరిచింది కూడా. "ఏడాది శ్రమమ్మా! అందరి ముందూ నేను చెప్పిన లెక్క ఎందుకూ పనికిరాకుండా పోయింది!" అక్క తల వంచుకుని నిలబడింది. అంత తిట్టినా మేడమ్ వెళ్లిపోలేదు. కమిటీ దగ్గరికి వెళ్లి వాదించింది. వాళ్లు సాయంత్రం చెప్పిందేమిటంటే, ఈ ఫలితం గెలుపూ కాదు, ఓటమీ కాదు, అసలు లెక్కలోకే రాదు. గ్యాస్‌కి ఇంకో ఏడాది గడువు అడుగుతారు. వచ్చే ఏడు నిజమైన లెక్క వస్తే వస్తుంది, లేకపోతే తవుడు పేరు కొట్టేస్తారు. ఆ సరికి పొలం సంగతి కూడా తేల్చేద్దామని, ఇంకో ఏడాది ఆగమని బావ ఫ్లాటు ఆయనకి ఫోన్ చేశాడు.

రెండో ఏడాది మళ్లీ అవే రెండు మళ్లు. గ్యాస్ రోజులు మా ఇంట్లో గడిపి అక్క నాట్ల వేళకి పొలం చేరింది. ఈసారి మేడమ్ ఏదీ వదల్లేదు.

"చచ్చినదాన్ని పీకకూడదు. కొత్తది పెట్టకూడదు. చచ్చింది చచ్చినట్టే ఉండాలి."

"నీళ్లు పోయొచ్చా?"

"పోయాలి. అన్నిటికీ."

"చచ్చినవాటికి కూడానా?"

"చచ్చినవాటికి కూడా" అంది మేడమ్ పళ్లు బిగించి.

ఆ కాలమంతా ఆ ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదంటే మీరు నమ్మాలి. ఎండు తెగులు ఒక్కసారిగా చంపదు. ముందు బయటి ఆకులు మధ్యాహ్నం వాలిపోతాయి. సాయంత్రానికి మళ్లీ లేస్తాయి, బతుకుతుందేమోనన్న ఆశ పుడుతుంది. మర్నాడు ఇంకో రెండాకులు వాలతాయి. అక్క పొద్దున లేవగానే ఆ మడి చుట్టూ తిరిగేది, మధ్యాహ్నం తిరిగేది, పొద్దుపోయేముందు తిరిగేది. తిరిగి వచ్చి గిన్నెలు తోమినవే తోమేది. చూడలేక మా ఇంటికి వచ్చేసేది, వచ్చి చెప్పులు విప్పకుండానే మళ్లీ బస్సెక్కేది. అలవాటు చొప్పున షెడ్డు వెనక కప్పుల్లో మొక్కలు పెంచింది. అవి పచ్చగా ఏపుగా పెరిగి, పెట్టే చోటు లేక కప్పుల అంచులు దాటి పోయాయి.

ఒకరోజు మధ్యాహ్నం వెళ్లేసరికి అక్క వదిలేసిన మడి ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. అంచున కాదు, పూర్తిగా. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. మళ్లీ జబ్బు తిరగబెట్టిందేమోనని పరుగున వెళ్లాను.

"ఏంటక్కా, కూర్చున్నావు?"

"లేస్తే నాటేస్తానురా" అంది.

నేనూ పక్కన గట్టు మీద కూర్చున్నాను. ఎదురుగా బోదె మీద ఆకులు గోధుమరంగుకి తిరిగి చుట్టుకుపోయి ఉన్నాయి. అవతల తవుడు మడి పచ్చగా ఉంది. అక్క అటు చూడటం లేదు. తన కళ్లన్నీ ఇటే.

"అది బాగుంది కదక్కా, దాన్ని చూసుకో."

"బాగున్నదానికి నేనెందుకురా?"

కాసేపటికి లేచింది. షెడ్డు వెనక్కి వెళ్లి ఒక కప్పు పట్టుకొచ్చింది. నేను ఏమంటానోనని నా వైపు చూడను కూడా చూడలేదు. మోకాళ్ల మీద కూర్చుని, స్పర్శ లేని ఆ వేళ్లతో చచ్చిన మొక్క పక్కన మట్టి గుల్ల చేయడం మొదలుపెట్టింది. నిజం చెప్పొద్దూ, ఒక్కటే కదా పెట్టుకోనీ అనిపించింది.

"వద్దు."

ఆ మాట అన్నది బావ. షెడ్డు గడపలో నిలబడి ఉన్నాడు. ఎవరూ అడగకుండా ఆయన నోటినుంచి మాట రావడం నేను వినడం అదే మొదటిసారి. వచ్చి అక్క చేతిలోంచి కప్పు తీసుకుని, తను కూడా మట్టిలోనే కూర్చుని, "ఆ ఫ్లాట్లో నేను కూడా ఉండలేనే" అన్నాడు. అక్క తవ్విన మట్టిని మళ్లీ సర్దింది. ఏడుస్తూనే, చచ్చిన మొక్కకి నీళ్లు పోసింది.

ఆ ఏడాది సదస్సుకి ముగ్గురం కారులో బయల్దేరాం. అక్క దారి పొడవునా అద్దం దించడం, ఎక్కించడం. హాల్లో ఖాళీ కుర్చీలున్నాయి, ఎవరినీ జరగమనలేదు. కుండీల్లో మొక్కలు వాడి ఉన్నాయి, లేవలేదు.

మేడమ్ తెర మీద పొలం ఫోటో వేసింది. ఎడమ పక్క తవుడు మడి, సందు లేకుండా పచ్చగా. కుడి పక్క వదిలేసిన మడి, బోదె బోదెకీ ఎండిన పుల్లలు, మధ్యలో అక్కడక్కడా ఒక మొక్క. గీతలు అవసరం లేకుండానే హాలుకి సంగతి అర్థమైపోయింది. తవుడు మడి పక్కాయన గ్యాస్ మడికి దాదాపు సమానంగా వచ్చిందని మేడమ్ చెప్పింది. టై ఆయన ఏదో ప్రశ్న అడిగాడు గానీ వెనక్కి వాలలేదు. "చచ్చిన ప్రతి మొక్కా చచ్చిన చోటే ఉంది. దానికి నేను ఈ రైతమ్మకి రుణపడి ఉంటాను" అంది మేడమ్. అందరూ మా వైపు తిరిగారు. అక్క ఎవరినీ చూడటం లేదు. తెర మీది ఖాళీలనే చూస్తోంది. చేతులు తొడల కిందే ఉన్నాయి.

సాయంత్రం కమిటీ పెద్ద మైకు ముందుకొచ్చాడు. మధ్యాహ్నం నుంచీ నా కాలు ఊగుతూనే ఉంది, నాకూ అక్క జబ్బు అంటుకున్నట్టుంది. మా ప్రాంతపు స్ట్రాబెర్రీకి తవుడు పద్ధతి పనికొస్తుందని తేల్చామనీ, ఇకమీదట గ్యాస్‌కి గడువు అడగడం లేదనీ చదివాడు. నా బండికి అక్కడితో పని అయిపోయింది. ఇన్నేళ్లూ నన్ను గ్యాస్ అని పిలిచినవాళ్లు రేపటినుంచి తవుడు అంటారేమో, అననీ. బావ ఫోన్ తీసి ఫ్లాటు ఆయన నంబరు వెతుక్కుంటున్నాడు. అక్క భోరుమంది. ఆసుపత్రిలో కూడా అలా ఏడవలేదు.

జనం చప్పట్లు కొడుతుంటే అక్క మొహం తుడుచుకుని చెయ్యెత్తింది. మైకు తెచ్చిచ్చారు. రెండు ముక్కలు మాట్లాడుతుందని అందరూ చూస్తున్నారు.

"మేడమ్, అయిపోయింది కదా. ఆ ఖాళీలు ఇప్పుడు పూడ్చుకోవచ్చా?"

హాలంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. వేదిక దిగి మా వరుస దాకా వచ్చింది.

"పూడ్చుకోండమ్మా. కానీ ఆ మట్టిలో ఇంకా తెగులుంది. ఊరికే నాటితే మళ్లీ చస్తాయి. ముందు తవుడు వేయాలి."

అక్క తొడల కిందినుంచి రెండు చేతులూ తీసింది. నా భుజం మీద ఒక్కటి చరిచింది.

"విన్నావుగా, తవుడట. నీ బండికి కట్టి తోలాలి. లేవరా, ఇంకా కూర్చున్నావేంటి?"